ఏడో ప్రశ్నకు జవాబు

నోవి సాద్
28 జూన్ 1983

దెసంకక్కకు,

నీ పార్శిల్ పోయిన వారం బస్సులో అందింది. సీసాలన్నీ క్షేమం. జున్ను డబ్బా మూత మాత్రం ఊడి, ఆ ఉప్పునీళ్ళు డ్రైవరు టోపీ మీద కారాయట. టోపీ ఉతికిస్తే గానీ వచ్చే నెల నీ సీసాలు తేనన్నాడు. ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చాను. నువ్వు పంపిన పూల పానకం పిల్లలు మూడు రోజుల్లో తాగేశారు. నెనాద్ అయితే సీసా కడిగిన నీళ్ళు కూడా తాగాడు.

ఈ నెలంతా మిల్లులో నాకు రెండో షిఫ్టు. పొద్దున్నే వండి పొయ్యి మీద వదిలేసి వెళ్తాను. నీ మరిది జార్కో వచ్చి వేడి చేసి పిల్లలకి పెడతాడు. మొన్న పక్కింటావిడ మన జోరిత్సని, మీ ఇంట్లో ఏం తింటారే అని అడిగిందట. "పెద్దమ్మ పంపితే భోజనం, లేకపోతే అమ్మ వండింది" అందట అది. నవ్వేశాను. కానీ ఆ రోజంతా మగ్గం దగ్గర అదే మాట చెవిలో పడుతూనే ఉంది.

అసలు సంగతి చెప్పాలి. మీ దగ్గర ఉన్న మూడు రోజుల్లో, నువ్వూ బావగారూ గడ్డి కోతకి వెళ్ళిన రోజున, అత్తయ్య నన్ను వెనక వంటపాకలోకి పిలిచి తెల్ల చెర్రీలు పాకం పట్టి స్లాట్కో చేయడం నేర్పారు. గింజలు హెయిర్‌పిన్నుతో తీసి, పళ్ళని ఒక గంట సున్నపు తేటలో నానబెట్టాలట. అదీ కిటుకు. ఇంటికొచ్చి నాలుగు సీసాలు చేశాను. ఒక్క పండు చితకలేదక్కా, గాజు గోళీల్లా ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఇంటికొచ్చినవాళ్ళకి చెంచాడు స్లాట్కో, గ్లాసుడు నీళ్ళు ఇవ్వాలంటే సిగ్గుపడేదాన్ని. నాది ఎప్పుడూ ముద్దయ్యేది. ఇప్పుడు ఎవరైనా వస్తే బాగుండునని తలుపు వైపే చూస్తున్నాను.

నీకు ఇందులో కొత్తగా చెప్పేదేముంది. ఆ ఇంట్లో ఇరవై ఎనిమిదేళ్ళుగా పెద్దకోడలిగా ఉన్నదానివి.

నీ
వీద


బ్రెజోవిత్స
9 జూలై 1983

వీదకు ఆశీస్సులు,

దేవుడి దయవల్ల అందరం బాగున్నాం. గడ్డి ఇంట్లోకి చేరింది. అత్తయ్య మోకాలు ఎండాకాలం కనుక కాస్త నయం.

నీ స్లాట్కో బాగా కుదిరినందుకు సంతోషం. సున్నపు తేట సంగతి నాకు తెలియదు. నాకు ఎవరూ చెప్పలేదు. ప్రతి జూన్‌లో పళ్ళు కోసేది నేనే, గింజలు తీసేది నేనే. ఆ తరవాత అత్తయ్య నన్ను బావికి పంపుతారు. ఒక బిందె, ఇంకో బిందె. మూడో బిందె తెచ్చేసరికి వంటపాక తలుపు మూసి ఉంటుంది. తెరిచేసరికి సీసాలకి మూతలు పడి ఉంటాయి. నేను సొంతంగా రెండుసార్లు ప్రయత్నించాను. పళ్ళు చితికి జావ అయింది, పందులకి పోశాను. దాన్ని నా చేతి లోపమనుకున్నాను.

నువ్వు మూడు రోజులు ఉన్నావు. నేర్చుకున్నావు. అదృష్టం.

నీ ఉత్తరం చదువుతుంటే మీ బావగారు గుమ్మంలో నిలబడి, "ఉత్తరం చదువుతున్నావా, పాలు పొంగకుండా కాపలా కాస్తున్నావా" అన్నారు. నా ముఖం అలా ఉందట.

ఈ నెల పార్శిల్ పంపలేను. పని ఎక్కువగా ఉంది. పైగా నీ చేతి వంట పిల్లలకి అలవాటు కావడం కూడా మంచిదే.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

దెసంక


నోవి సాద్
12 సెప్టెంబర్ 1983

దెసంకక్కకు,

జూలైలో రాలేదు, ఆగస్టులో రాలేదు నీ సీసాలు. పిల్లలు బస్టాండు వైపు వెళ్ళినప్పుడల్లా డ్రైవరుని అడుగుతున్నారు. పని ఎక్కువని నాకు తెలుసు, అందుకే నేను అడగను.

ఒక మంచి మాట. మాకు మిల్లు వాళ్ళ ఫ్లాటు వచ్చింది. రెండు గదులు, వంటిల్లు, ఒక బాల్కనీ. ప్లమ్ కోతకి వచ్చినప్పుడు జార్కో అత్తయ్యకి చెప్పాడు. సొంత గడప ఏర్పడ్డాక ఇంటిని కాచేవాడి పండుగ స్లావా కూడా సొంతంగా చేసుకోవాలి కాబట్టి, మన ఇంటి దేవదూత మిహాయిలో పండుగ ఈ నవంబర్ 21న మేమూ ఇక్కడ మొదటిసారి చేస్తున్నాం. ఆశీర్వదించడానికి ఆ రోజుకి తనే వస్తానన్నారు అత్తయ్య. నీకు చెప్పే ఉంటారు.

నాకు భయంగా ఉంది. జార్కో ఊరివాళ్ళు, ఫ్యాక్టరీలో అతని మేస్త్రీ, పక్కిళ్ళవాళ్ళు, అందరూ చూస్తారు. నీకు అంకెలు వేసి రాస్తే ఇష్టం కదా, అలాగే అడుగుతున్నాను. ఒకటి, పండుగ రొట్టెకి పిండి ఎంత? రెండు, రొట్టె మీద పిండితో పువ్వులూ పక్షీ చేసి అతికిస్తే కాలేటప్పుడు ఊడకుండా ఏం చేస్తావు? మూడు, కొవ్వొత్తి ఎవరు వెలిగించాలి? నాలుగు, పుల్ల క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టే సర్మ మనిషికి ఎన్ని లెక్కన చేయాలి? ఐదు, దాన్ని ముందు రోజే వండి ఉంచుకోవచ్చా? ఆరు, ఫాదర్ ఇంటికి రాలేకపోతే రొట్టె చర్చికి తీసుకెళ్ళవచ్చా? ఏడు, గోధుమలు. సెలవు దొరక్క మీ ఇంటికి నేనెప్పుడూ పండుగ రెండో రోజునే వచ్చాను, గోధుమ పళ్ళెం ఎన్నడూ చూడలేదు, మొదటి రోజే అయిపోతుందనుకునేదాన్ని. మా అమ్మ వాళ్ళింట్లో సెయింట్ నికోలా పండుగకి గోధుమలు ఉడికించి, అక్రోటు పొడి కలిపి, వచ్చినవాళ్ళకి మొదట అదే పెడతాం. మనకీ అంతేనా? జార్కోని అడిగితే, "ఉండే ఉంటుంది, నేను మాంసం ఉన్న వైపే కూర్చునేవాణ్ణి" అన్నాడు. ఎనిమిది, స్లాట్కో పళ్ళెంలో చెంచాలు ఎన్ని? తొమ్మిది, స్లావాకి ఎవరినీ పిలవకూడదు కదా, మరి ఎంతమంది వస్తారో ఎలా తెలుసుకుంటావు?

విసుక్కోకు అక్కా. నువ్వు తప్ప నాకు అడిగే దిక్కు లేదు.

నీ
వీద


బ్రెజోవిత్స
3 అక్టోబర్ 1983

వీదకు,

ఇల్లు వచ్చినందుకు దేవుడికి స్తోత్రం. అత్తయ్య మీ దగ్గరికి వస్తున్నట్టు నాకు చెప్పలేదు. నీ ఉత్తరంలోనే చదివాను. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఆవిడ లేకుండా మాకు స్లావా జరగలేదు. ఆవిడ ఇష్టం.

అడిగినవాటికి జవాబులు.

ఒకటి, కిలో పిండి. మంచి రకం కొను, చవకదైతే రొట్టె మధ్యలో కుంగుతుంది. రెండు, అతికించే చోట గుడ్డు తెల్లసొన రాయి. మూడు, ఇంటి యజమాని వెలిగించాలి, జార్కో. శుభ్రంగా గడ్డం గీసుకుని నిలబడమను. నాలుగు, మనిషికి నాలుగు అనుకో, ఊరివాళ్ళకి ఆరు. ఐదు, తప్పకుండా ముందు రోజే వండు. మర్నాడు వేడి చేసిన సర్మకే రుచి. ఆరు, తీసుకెళ్ళవచ్చు. కొత్త తువ్వాలులో చుట్టి తీసుకెళ్ళు. ఎనిమిది, మీ గ్లాసులు ఎన్ని ఉంటే చెంచాలు అన్ని. తిన్న చెంచా ఖాళీ గ్లాసులో వేస్తారు కనుక తక్కువైతే మధ్యలో కడుగుతూ కూర్చోవాలి. తొమ్మిది, తెలుసుకునే దారి లేదు. పిలవం. తలుపు తీసి ఉంచుతాం. రావలసినవాళ్ళు ఆ తేదీని తమంతట తామే గుర్తుపెట్టుకుంటారు. రానివాళ్ళని ఎందుకు రాలేదని అడగం.

అక్రోట్లు ఒక సంచీ పంపుతున్నాను. ఈ ఏడాది కాయ బాగుంది.

దెసంక


నోవి సాద్
25 నవంబర్ 1983

దెసంక గారికి,

మీరు పంపిన అక్రోట్లు అందాయి. కృతజ్ఞతలు.

స్లావా జరిగింది. రొట్టె మీద పక్షి ఊడలేదు. సర్మ సరిపోయింది. సోమవారమైనా ఇరవై రెండు మంది వచ్చారు. అత్తయ్య పొద్దున్న తొమ్మిది గంటల బస్సుకి దిగారు.

గదిలోకి వచ్చి బల్ల వైపు చూశారు. బల్ల మధ్యలో కొవ్వొత్తి పక్కన గోధుమ పళ్ళెం పెట్టాను. మీ అక్రోట్లే కలిపాను. పైన చక్కెరతో శిలువ గీశాను. పొద్దున్న నాలుగింటికి లేచి చేశాను. అత్తయ్య కోటు కూడా విప్పలేదు. "ఎవరు పోయారు ఈ ఇంట్లో?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. జార్కో మేస్త్రీది కూడా మీ వైపు ఊరే. చేతిలో ఉన్న చెంచా నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. అప్పుడు ఆయనే చెప్పాడు. గోధుమలు చనిపోయినవాళ్ళ కోసం ఉడికిస్తారట. మిగతా స్లావాల పుణ్యపురుషులు మనుషులుగా బతికి పోయినవాళ్ళు. దేవదూతకి చావు లేదు. మిహాయిలో పండుగనాడు గోధుమ పెడితే, ఇంట్లో ఇంకెవరి కోసమో పెట్టినట్టు. జార్కో గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మేం మాట్లాడుకుంటుంటే పిల్లలు చేతులు కట్టుకుని చూశారు.

అత్తయ్య నన్ను అడిగారు, "దెసంకని అడగలేదా?" అని.

అడగాలని తోచలేదన్నాను.

ఆవిడ చెంచా తీసుకున్నారు. మొదటి చెంచా మామయ్యగారి పేరు చెప్పి తిన్నారు. తరవాత రెండు చెంచాలు, చిన్నతనంలో పోయిన ఆవిడ ఇద్దరు పిల్లల పేర్లు చెప్పి తిన్నారు. వాళ్ళ పేర్లు నేను అప్పటిదాకా వినలేదు. పళ్ళెం మీద గుడ్డ కప్పి, "దేవదూతకి అక్కర్లేదు, నావాళ్ళకి కావాలి, చర్చిలో ఇచ్చెయ్యి" అన్నారు. అప్పుడు కోటు విప్పారు.

మీ ఇంట్లో పండుగ బాగా జరిగిందని తలుస్తాను.

వీదోసావ


బ్రెజోవిత్స
27 డిసెంబర్ 1983

వీదా,

నీ ఉత్తరానికి నెల దాటాక రాస్తున్నాను. "మీరు" అని రాశావు. పన్నెండేళ్ళలో నన్ను నువ్వు మీరు అనలేదు. ఆ ఒక్క మాట చాలు, నీకు అంతా తెలుసని.

అత్తయ్య తిరిగొచ్చిన రోజు నేను పిండి కలుపుతున్నాను. పొయ్యి దగ్గర కూర్చుని జరిగింది చెప్పారు. చివరికి, "పాపం ఆ పిల్లకి ఎవరినైనా అడగాలని కూడా తోచలేదట. నువ్వు పక్కన ఉంటే అలా జరిగేదా?" అన్నారు. నా చేతులు పిండిలో ఉండిపోయాయి. అవునండీ అన్నాను. ఆ రోజు రొట్టె ఎవరూ తినలేకపోయారు, ఉప్పు వెయ్యలేదు.

నువ్వు అడిగావు. ఏడో ప్రశ్న. నేను మూడుసార్లు చదివాను. జవాబు రాయడానికి కలం కూడా పెట్టాను. కాగితం మీద ఏడు అని వేశాను. అప్పుడు సున్నపు తేట గుర్తొచ్చింది. అత్తయ్య నీ బల్ల దగ్గర కూర్చుని ఉంటారని, ఇక్కడ నా బల్ల దగ్గర ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంటుందని గుర్తొచ్చింది. ఆ కాగితం చింపి ఇంకోటి తీసుకున్నాను. ఆరు తరవాత ఎనిమిది వేశాను. అబద్ధం రాయలేదు కదా అనుకున్నాను. పైగా అక్రోట్లు పంపాను. అవి ఎందుకు పంపానో నన్ను అడగకు. దేవుడికి చెప్పుకున్నాను.

మా స్లావా బాగా జరగలేదు. వచ్చిన ప్రతివాళ్ళూ గుమ్మంలోనే పెద్దావిడ ఏరీ అన్నారు. చిన్నకోడలి ఇంటికి వెళ్ళారని చెప్పీ చెప్పీ నోరు ఎండిపోయింది.

ఇప్పుడు, జనవరి ఏడున వచ్చే మన క్రిస్మస్ ముందు ఉపవాసాలు. నేను నూనె కూడా మానేశాను. నిన్న చర్చిలో ఫాదర్ దగ్గర ఒప్పుకున్నాను. ఆయన అంతా విని, "ఇది నాకు చెబితే సరిపోయే సంగతి కాదమ్మా, ఆ అమ్మాయి క్షమిస్తే పండుగనాడు వచ్చి సత్ప్రసాదం తీసుకో" అన్నారు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. కానీ పెళ్ళైనప్పటి నుంచి క్రిస్మస్‌కి సత్ప్రసాదం తీసుకోకుండా ఉన్నది ఎరగను.

నువ్వు నా పేరు ఎందుకు దాచావు?

దెసంక


నోవి సాద్
2 జనవరి 1984

దెసంకక్కకు,

ఇది ఎక్స్‌ప్రెస్ పోస్టులో వేస్తున్నాను, ఏడో తేదీ లోపల నీకు చేరాలని.

నీ జవాబు వచ్చిన రోజే చూశాను, ఆరు తరవాత ఎనిమిది. మరిచిపోయావనుకున్నాను. ఆ మాటే నాకు నేను చెప్పుకుంటూ గోధుమలు నానబోశాను. కానీ అక్కా, నువ్వు సీసా మూతలకి కట్టే దారం కూడా కొలిచి కోసేదానివి. నువ్వు మరిచిపోవని నాకు తెలుసు. ఇంకో ఉత్తరం రాసి అడగవచ్చు. రాయలేదు. ఎందుకంటే నీ మౌనం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

నీ పేరు దాచింది మంచితనంతో కాదు. ఆ రోజు వంటపాకలో అత్తయ్య సున్నపు తేట వంచుతూ, దెసంకకి చెప్పకు అన్నారు. అంటే నీకు రాదని నాకు అప్పుడే తెలిసింది. ఇంటికొచ్చి నీకు రాశాను. "నీకు ఇందులో కొత్తగా చెప్పేదేముంది" అని రాసినప్పుడు, అది నీకు కొత్తేనని తెలిసే రాశాను. ఆ వారమే జోరిత్స ఆ మాట అంది, పెద్దమ్మ పంపితే భోజనం అని. రోజుకి ఎనిమిది గంటలు నిలబడి పనిచేసి, మూడు కుండలు వండి పెట్టి వెళ్తే, నా పిల్లల నోట్లో నీ పేరు. నీ సీసాలు వచ్చిన ప్రతిసారీ సంతోషించాను, ప్రతిసారీ నా పొయ్యి చిన్నదైపోయింది. ఒక్కసారైనా నాకు వచ్చి నీకు రానిది ఉందని నువ్వు తెలుసుకోవాలనిపించింది.

కాబట్టి అత్తయ్య నన్ను అడిగినప్పుడు, నీ పేరు చెబితే మొదలు ఎక్కడుందో కూడా చెప్పాల్సి వస్తుందనిపించింది. అది దాచుకున్నాను. నువ్వు నన్ను క్షమించు, నేను నిన్ను క్షమించాను. ఈ కాగితం మీ ఫాదర్‌కి చూపించు. వెళ్ళి సత్ప్రసాదం తీసుకో. నేనూ ఇక్కడ తీసుకుంటాను.

నీ
వీద


బ్రెజోవిత్స
21 జూన్ 1984

వీదా,

పార్శిల్‌లో రెండు సీసాల పూల పానకం, జున్ను, ఎండబెట్టిన పుదీనా ఉన్నాయి. జున్ను మూత ఈసారి గుడ్డతో కట్టాను. డ్రైవరుకి చెప్పు, టోపీకి భయం లేదని.

చెర్రీలు పండాయి. గింజలు తీసి, బిందె తీసుకుని బావికి బయల్దేరాను, అలవాటు కదా. అత్తయ్య పిలిచారు. "ఎక్కడికి? నీళ్ళు ఉన్నాయిగా" అన్నారు. వంటపాక తలుపు తీసే ఉంది.

నేను లోపలికి వెళ్ళలేదు. ముందు గోధుమల సంగతి చెప్పాలనిపించింది. గుమ్మంలో నిలబడి అంతా చెప్పాను, ఏడో ప్రశ్న, చింపిన కాగితం, అక్రోట్లు, అన్నీ. నీ సంగతి చెప్పలేదు. అది నీది. ఆవిడ సున్నం కలుపుతూనే విన్నారు. తిడతారనుకున్నాను. తల ఎత్తకుండానే అన్నారు:

"నువ్వు వచ్చిన ఏడాదిలోనే రొట్టె నాకన్నా బాగా చేశావు. మరుసటి ఏడాది జున్ను. తరవాత సర్మ, పచ్చళ్ళు, పిల్లల జ్వరాలకి కషాయాలు. ఏదీ నాకు మిగల్లేదు. ఇదొక్కటి ఉంచుకున్నాను, ఏడాదికోసారైనా ఈ ఇంటికి నాతో పనిబడాలని. ఆ పిల్లకి చెబితే ఏం? అది దూరంగా ఉంటుంది, నా పొయ్యి దగ్గరికి రాదు."

ఇన్నేళ్ళూ నేను ఆవిడ తలుపు మూసుకున్నారనుకున్నాను వీదా. లోపల కూర్చుని ఆవిడ నన్ను చూసి కుమిలిపోయారని తెలియదు.

నాకు సున్నపు తేట వద్దన్నాను. మీరే చెయ్యండి, నేను సీసాలు కడుగుతాను అన్నాను. "పిచ్చిదానా, నా చేతులు వణుకుతున్నాయి, ఇలా రా" అన్నారు. తేట వంచడం చూపించారు. అడుగున ఉన్న సున్నం కదలకూడదు. అదీ నేర్పేది. మిగతాదంతా నాకు వచ్చినదే.

చివరి మాట మాత్రం ఆవిడదే. పాకం ఎప్పుడు దించాలో నన్ను చెప్పనివ్వలేదు.

దెసంక


నోవి సాద్
4 నవంబర్ 1984

దెసంకక్కకు,

అందరం క్షేమం. నాకు మొదటి షిఫ్టుకి మార్చారు. సాయంత్రం పిల్లలతోనే వండుతున్నాను. జోరిత్స క్యాబేజీ ఆకులు చింపకుండా విడదీయడం నేర్చింది. మొన్న పక్కింటావిడ మళ్ళీ అడిగితే, ఏం తింటారని, "నేను చుట్టింది" అందట. నా పేరూ లేదు, నీ పేరూ లేదు.

ఈ ఏడాది స్లావా బుధవారం పడింది. మాంసం తినని ఉపవాస దినం కనుక చేపలే. డాన్యూబ్ నది కార్ప్ చేపలకి ఇప్పటి నుంచే చెప్పి ఉంచాడు జార్కో. ఆ రోజు నీ ఇంట్లో నీకూ పండుగే, కదలలేవు. అత్తయ్య ఈసారి మీ దగ్గరే ఉంటానన్నారని బావగారు రాశారు. ఆవిడ కుర్చీ ఆవిడకి ఉండటం నాకు సంతోషం.

రెండో రోజు గురువారం. నేను సెలవు పెట్టాను. ఎందుకో పెట్టాను.

నీకు ఎప్పుడైనా పనికొస్తుందని రాస్తున్నాను. మీ పక్క పట్నం వాల్యెవో నుంచి మా ఊరికి బస్సు పొద్దున్న ఆరు పదికి ఉంది. ఇంకోటి ఏడు నలభైకి, కానీ అది ఊరూరా ఆగుతుంది. దిగాక వంతెన వైపు నడిస్తే మా భవనం మూడోది, బాల్కనీలో ఎండుమిరప దండలు కనిపిస్తాయి. స్లావాకి ఎవరినీ పిలవకూడదు, నువ్వే నేర్పావు. ఇది పిలుపు కాదు. బస్సు వేళలు మాత్రమే.

నీ
వీద


బ్రెజోవిత్స
10 నవంబర్ 1984

వీదా,

బస్సు వేళలు అందాయి. పిలుపు కాదు కనుక జవాబు అక్కర్లేదు.

పోయినేడాది ఉత్తరంలో ఒకటి రాయడం మిగిలిపోయింది. అది రాస్తున్నాను.

ఏడు. గోధుమలు ఉడికించవద్దు. మన దేవదూత బతికే ఉన్నాడు.

ఎనిమిదిలో కూడా చిన్న మార్పు. గ్లాసులు ఎన్నో చెంచాలు అన్ని అని రాశాను. ఒకటి ఎక్కువ పెట్టు.

దెసంక